పాత కెమెరాలు అలాగే ఉంచి డీవీఆర్ ఒక్కటే మార్చాలంటే ఏది కొనాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కడప ఎర్రముక్కపల్లిలో మీ అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్నారు, మీకు బెంగళూరులో ఉద్యోగం. 2017లో పెట్టించిన నాలుగు కెమెరాలు, వాటి బొమ్మను రికార్డు చేసే నాలుగు ఛానెళ్ల డీవీఆర్ పెట్టె. నెల రోజులుగా డీవీఆర్ తనంతట తనే ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది, మధ్యమధ్యలో బీప్ బీప్ అంటోంది. షాపులో అడిగితే "అంతా పాతబడిపోయింది, మొత్తం తీసేసి ఐపీ కెమెరాలు, ఎన్‌వీఆర్ వేసుకోండి" అన్నారు. మొత్తం మార్చాలా, రికార్డర్ ఒక్కటే మారిస్తే చాలా, మారిస్తే ఏది తీసుకోవాలి అని అడిగారు.

నేను కడప, ప్రొద్దుటూరు వైపు పద్నాలుగేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. బొమ్మ పగలూ రాత్రీ బాగానే ఉందని మీరే రాశారు కాబట్టి కెమెరాలను, గోడల్లో ఉన్న కేబుల్‌ను ముట్టుకోవద్దు. రికార్డర్, హార్డ్ డిస్క్ కొత్తవి వేసుకుంటే చాలు. అయితే ఏదైనా కొనే ముందు అసలు రోగం ఎక్కడుందో చూడాలి.

డీవీఆర్ పక్కన ప్లగ్గులో ఉండే చిన్న నల్ల అడాప్టర్‌తో మొదలుపెట్టండి. దాని మీద 12 వోల్ట్లు, 1.5 లేదా 2 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. డీవీఆర్ ఆన్ కాగానే హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలోనే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఏళ్ల తరబడి వేడెక్కిన అడాప్టర్‌కు మీటర్ పెట్టి చూస్తే 12 వోల్ట్లు సరిగ్గానే చూపిస్తుంది, కానీ డిస్క్ తిరగబోయేసరికి వోల్టేజీ పడిపోతుంది. డీవీఆర్ ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. అదే రేటింగ్ ఉన్న ఇంకో అడాప్టర్ పెట్టి ఒక రోజు గమనించండి. మూడు నాలుగు వందల రూపాయల వస్తువు అది.

అప్పటికీ ఈ ఆగి మొదలవడం తగ్గకపోతే కరెంటు తీసేసి, పైమూత విప్పి, హార్డ్ డిస్క్‌కు వెళ్లే రెండు వైర్లూ ఊడదీసి, డిస్క్ లేకుండానే డీవీఆర్‌ను ఆన్ చేయమనండి. మీ నాన్నగారికి చేతకాకపోతే దగ్గర్లో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడెవరైనా పది నిమిషాల్లో చేస్తాడు. డిస్క్ లేకుండా రోజంతా ఆగకుండా నడిస్తే పెట్టె బాగుందని, డిస్క్ పోతోందని అర్థం. బీప్ మోత కూడా ఎక్కువగా డిస్క్ గురించే. మెనూలో ఎక్సెప్షన్ అనే చోట ఏ కారణానికి మోగుతోందో ఉంటుంది. ఇక తేదీ వెనక్కి పోయి 2000 అనో 1970 అనో చూపిస్తుంటే లోపల బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. ఎక్కువగా అది సీఆర్2032 అయి ఉంటుంది, ఏ వాచీల షాపులో అయినా దొరుకుతుంది.

ఒకవేళ రాత్రిపూట మాత్రమే నాలుగు కెమెరాలూ ఒకేసారి ఆరి వెలుగుతుంటే ఆ తప్పు డీవీఆర్‌ది కాదు, కెమెరాలకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌ది. చీకటి పడగానే కెమెరాల్లో రాత్రి చూపు కోసం ఉండే ఐఆర్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ తీసుకుంటాయి, బలహీనపడిన ఎస్‌ఎంపీఎస్ ఆ బరువు మోయలేదు.

పరీక్షలో అడాప్టర్ ఒక్కటే తప్పని తేలినా, 2017 నాటి రికార్డర్‌ను ఈ ఏడాదిలో మార్చేయమనే నేను చెబుతాను. కాకపోతే అప్పుడు టెన్షన్ లేకుండా, నాలుగు షాపులు తిరిగి నిదానంగా కొనుక్కోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ల కిందట నేను కెమెరాలు పెట్టిన ఒక ఇంటివాళ్లు మూడు రోజులు ఊరికెళ్లి వచ్చేసరికి తాళం పగిలి ఉంది. బీరువాలో బంగారం పోయింది. నాకు ఫోన్ చేస్తే పరుగున వెళ్లాను. టీవీలో నాలుగు బొమ్మలూ లక్షణంగా వస్తున్నాయి. ప్లేబ్యాక్ తెరిస్తే చివరి రికార్డింగు నాలుగు నెలల కిందటిది. డిస్క్ అప్పుడే పోయింది. అప్పట్లో బీప్ మోతకు నిద్ర పట్టడం లేదని వాళ్లు ఫోన్ చేస్తే, మోత ఎలా ఆపాలో ఫోన్లోనే చెప్పి ఊరుకున్నాను. వెళ్లి చూడలేదు. ఆ ఇంటి పెద్దావిడ నన్ను తిట్టలేదు. "నాలుగు కెమెరాలున్నాయి కదా నాయనా" అని మాత్రం అంది. ఆ రోజు నుంచి ఏ ఇంటికి రికార్డర్ ఎంచినా, లైవ్‌లో బొమ్మ ఎంత బాగుందన్నది రెండో సంగతి. కావలసిన రోజు, కావలసిన గంట రికార్డింగు దొరుకుతుందా అన్నది ముందు చూస్తాను. మీకూ ఆ లెక్కలోనే చెబుతున్నాను.

మీ ఇంట్లో లాగింది త్రీ ప్లస్ వన్ కేబుల్ అయి ఉంటుంది. అందులో బొమ్మకు ఒక కోయాక్సియల్ వైరు, కరెంటుకు మూడు సన్న వైర్లు ఉంటాయి. చివర గుండ్రంగా తిప్పి బిగించే బీఎన్‌సీ పిన్ను ఉంటే అదే. దీనికి డీవీఆరే కావాలి. ఎన్‌వీఆర్ అనేది నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఐపీ కెమెరాలకు. అది మంచిది కాదని నేను అనను. కొత్త ఇల్లు కడుతూ ఉంటే నేనే క్యాట్6 కేబుల్ లాగించి, ఒకే వైరులో కరెంటు, బొమ్మ రెండూ వెళ్లే పీఓఈ పద్ధతి పెట్టమంటాను. కట్టి ఏళ్లయిన మిద్దెలో, పెద్దవాళ్లున్న ఇంట్లో, బాగున్న వైరింగు పీకి గోడలు కొట్టించడానికి మాత్రం నాకు కారణం కనబడటం లేదు.

2017 నాటి హెచ్‌డీ అనలాగ్ కెమెరాలు మూడు భాషల్లో మాట్లాడేవి. హైక్‌విజన్ వాళ్లవి టీవీఐ, దాహువా వాళ్లవి సీవీఐ, ఇంకా చాలా కంపెనీలవి ఏహెచ్‌డీ. అప్పటి డీవీఆర్లలో కొన్నింటికి తమ భాష తప్ప ఇంకోటి రాదు. ఇప్పుడొచ్చే వాటిలో ఎక్కువ భాగం ఈ మూడింటినీ, ఇంకా పాత మామూలు అనలాగ్‌నూ, కొన్ని ఐపీ కెమెరాలనూ తీసుకుంటాయి. షాపుల్లో ఎక్స్‌వీఆర్ అనో ఫైవ్ ఇన్ వన్ అనో అంటారు, అలాంటిదే అడగండి. మీ కెమెరాలు ఏ రకమో వాటి స్టిక్కర్ మీద ఉంటుంది, లేదా పాత డీవీఆర్ తెర మీద ఛానెల్ వివరాల్లో కనబడుతుంది. కంపెనీ మారితే డీవీఆర్ మెనూ నుంచి కెమెరా సెట్టింగులు మార్చడం లాంటివి కొన్ని పనిచేయకపోవచ్చు, బొమ్మకు ఇబ్బంది ఉండదు. అయినా నాలుగు కెమెరాలూ మీ ఇంట్లో పనిచేసి చూపిస్తేనే తీసుకుంటామని షాపతనితో ముందే మాట్లాడుకోండి. సరేనని ఒప్పుకునే చోటే కొనండి.

ఇప్పుడు చాలామంది మోసపోయే చోటు. పెట్టె మీద 1080పి అని పెద్ద అక్షరాలు, పక్కన చిన్నగా "లైట్" అనో "ఎన్" అనో ఉంటుంది. పూర్తి 1080పి అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. లైట్ అంటే 960, 1080. అంటే మీ 2 మెగాపిక్సెల్ కెమెరా పంపిన బొమ్మలో సగం చుక్కలే డిస్క్ మీదికి వెళ్తాయి. టీవీలో లైవ్ చూస్తే తేడా తెలియకపోవచ్చు. గేటు దగ్గర నిలబడ్డ మనిషి ముఖాన్నో బండి నంబరునో ప్లేబ్యాక్‌లో పెద్దది చేసి చూసినప్పుడు తెలుస్తుంది. అందుకని షాపులో ఇలా అడగండి: "నాలుగు ఛానెళ్లలోనూ పూర్తి 1080పిలో రికార్డు అవుతుందా, సెకనుకు ఎన్ని ఫ్రేములు?" 25 ఫ్రేములైతే సంతోషం, 15 వచ్చినా ఇంటికి చాలు. మాటలతో సరిపెట్టుకోకుండా మోడల్ నంబరు తీసుకుని, కంపెనీ వెబ్‌సైట్‌లో రికార్డింగ్ రెజల్యూషన్ అన్న వరస మీరే చదవండి. మీ కెమెరాలు 1 మెగాపిక్సెల్‌వే అయితే ఇప్పటికి లైట్ అయినా నష్టం లేదు, కానీ రేపు గేటు కెమెరా ఒక్కటి మార్చినా పశ్చాత్తాపపడతారు.

రెండోది హెచ్.265, అంటే బొమ్మను తక్కువ చోటులో పట్టేలా కుదించే కొత్త పద్ధతి. అనలాగ్ కెమెరా బొమ్మను కుదించే పని కెమెరాది కాదు, రికార్డర్‌ది. కాబట్టి కెమెరాలు పాతవే ఉన్నా, రికార్డర్ కొత్తదైతే ఆ లాభం మీకు పూర్తిగా వస్తుంది. దీన్ని అంకెల్లో చూపిస్తాను. ఒక కెమెరా సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రోజంతా రికార్డయితే 10.8 జీబీ అవుతుంది. పాత హెచ్.264లో 1080పి బొమ్మకు 4 మెగాబిట్లు పెడితే ఒక కెమెరాకు రోజుకు 43.2 జీబీ, నాలుగింటికి దాదాపు 173 జీబీ. 1 టీబీ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. హెచ్.265లో 2 మెగాబిట్లకు దించితే బొమ్మ దాదాపు అలాగే ఉంటుంది, నాలుగింటికీ కలిపి రోజుకు 86 జీబీ. అదే 1 టీబీలో పదకొండు రోజులు, 2 టీబీలో ఇరవై మూడు రోజులు. 1.5 మెగాబిట్లకు తెస్తే 2 టీబీలో నెల రోజులు పడుతుంది.

మీకు నేను 2 టీబీ చెబుతాను. జనం ఎక్కువగా వచ్చిపోయే దుకాణాలు, ఆసుపత్రుల వంటి వాటికి 2013 నాటి మన రాష్ట్ర ప్రజా భద్రత చట్టం ప్రకారం నెల రోజుల రికార్డింగు ఉండాలి. ఇళ్లకు అలాంటి నిబంధన లేదు. కానీ మీరు కడపకు నెలకోసారి వస్తామన్నారు. ఏదైనా పోయిందని వారం, పది రోజుల తర్వాత తెలిసే ఇల్లు అది. పనివాళ్లు వచ్చి వెళ్లాక ఏ వస్తువు కనబడటం లేదో పెద్దవాళ్లు వెంటనే గుర్తించరు. మోషన్ ఉన్నప్పుడే రికార్డు చేసే పద్ధతి పెడితే ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది కదా అంటారు. నిజమే, కానీ ఆ సెట్టింగు కొన్నిసార్లు అసలు క్షణాన్నే వదిలేస్తుంది. నేను ఇళ్లకు ఇరవై నాలుగు గంటలూ రికార్డింగే పెడతాను. డిస్క్ నిండితే పాతవి చెరిపి కొత్తవి రాసే ఓవర్‌రైట్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అది ఆఫ్‌లో ఉంటే డిస్క్ నిండిన రోజే రికార్డింగు ఆగిపోతుంది.

డిస్క్ తప్పనిసరిగా సర్వైలెన్స్ రకమే తీసుకోండి. వెస్ట్రన్ డిజిటల్‌లో పర్పుల్, సీగేట్‌లో స్కైహాక్. రాత్రీపగలూ ఆగకుండా రాసే పనికి, ఏడాదికి 180 టీబీ వరకు మోసేలా చేసినవి అవి. కంప్యూటర్లకు వాడే మామూలు డిస్కులు ఏడాదికి 55 టీబీ లెక్కన చేసినవి. మీ నాలుగు కెమెరాలు రోజుకు 86 జీబీ చొప్పున ఏడాదికి 31 టీబీ రాస్తాయి కదా, మామూలుది చాలదా అనుకోవచ్చు. బరువు సరిపోతుంది, కానీ ఒక్క నిమిషం ఆగకుండా తిరగడానికి అది చేసినది కాదు. మన ఊళ్లో ఎండాకాలం 42, 43 డిగ్రీల్లో మూసిన పెట్టెలో దాన్ని పెడితే ఎక్కువ కాలం రాదు.

ఇంకో జాగ్రత్త. ఎక్కడో తీసేసిన పాత డిస్కులకు కొత్త స్టిక్కర్ అంటించి తక్కువ ధరకు అమ్మేవాళ్లున్నారు. నాకే రెండుసార్లు అలాంటివి వచ్చాయి. కొన్న రోజే డిస్క్ మీది సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ పేజీలో కొట్టి చూడండి. ఈ రెండు రకాలకూ మూడేళ్ల వారంటీ ఉంటుంది. డీవీఆర్ మెనూలో స్మార్ట్ అనే చోట పవర్ ఆన్ గంటలు, అంటే డిస్క్ ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో కూడా కనబడుతుంది. కొత్త డిస్క్‌లో అది సున్నాకు దగ్గరగా ఉండాలి. వేలల్లో ఉంటే అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి.

అదనంగా డబ్బు పెట్టదగిన సౌకర్యం ఒక్కటే చెబుతాను. ఇప్పటి కొన్ని డీవీఆర్లు బొమ్మలో కదిలింది మనిషా, బండా, ఇంకేమైనానా అని తామే గుర్తుపడతాయి, కెమెరా పాతదైనా పర్వాలేదు. దీంతో వేపకొమ్మ ఊగినా, కుక్క దూరినా, రాత్రి ఐఆర్ లైటు చుట్టూ పురుగులు తిరిగినా మీ ఫోన్ మోగదు. మామూలు మోషన్ అలర్టులు మొదటి వారం అందరూ చూస్తారు, రెండో వారం ఆఫ్ చేసేస్తారు. బెంగళూరులో ఉండి రాత్రి రెండింటికి వచ్చే అలర్టును మీరు నమ్మగలగాలంటే ఇది కావాలి. అన్ని ఛానెళ్లకూ వస్తుందా, ఒకటి రెండింటికేనా అడగండి. ఒకటే అయితే గేటు కెమెరాకు పెట్టండి.

ఛానెళ్లు ఎన్ని అంటే, పెరటి వైపో మేడ మెట్ల వైపో ఇంకో కెమెరా పెట్టాలన్న ఆలోచన కొంచెమైనా ఉంటే ఎనిమిదిది తీసుకోండి. నాలుగుతోనే సరిపోతుందనుకుంటే నాలుగే చాలు.

ఫోన్‌లో చూసే ఖాతా విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. బిగించడానికి వచ్చినతను తొందరలో తన ఫోన్‌లో, తన ఖాతాలోకి మీ డీవీఆర్‌ను ఎక్కించి, ఆ తర్వాత మీకు షేర్ చేస్తాడు. అప్పుడు మీ ఇంటి లోపలి బొమ్మకు యజమాని అతనవుతాడు. రేపు అతను పని మానేసినా, నంబరు మార్చినా, మీరు ఆ డీవీఆర్‌ను మీ ఖాతాలోకి తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సింది మీ ఫోన్‌తో, మీ మెయిల్ ఐడీతో తెరిచిన ఖాతాలో. అక్కడి నుంచి నాన్నగారి ఫోన్‌కు షేర్ చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే పెట్టండి. 2016లో మిరాయ్ అనే వైరస్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్లను, కెమెరాలను లక్షల్లో పట్టుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే కాసేపు ఆపేసింది. అవన్నీ మన ఇళ్లలో ఉండే లాంటి పెట్టెలే. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా డీవీఆర్‌లోకి దారి తెరవడం, చేస్తానని ఎవరైనా అంటే వద్దనండి, క్యూఆర్ పద్ధతికి దాని అవసరం లేదు.

డీవీఆర్ ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. మన ఇళ్లలో ఎక్కువగా హాల్లో కడప బండల అరలో, టీవీ పైన పెడతారు. మే నెలలో మిద్దె వేడి, కిందనుంచి సెట్‌టాప్ బాక్స్ వేడి, చుట్టూ గాలి ఆడని బండ. అంతకంటే ముఖ్యంగా, లోపలికి దూరిన దొంగకు మొదట కనబడేది అదే. కెమెరాలు చూసిన దొంగ డీవీఆర్ కోసం వెతుకుతాడు, దాన్ని ఎత్తుకుపోతే మనకు ఇంకేం మిగలదు. లోపలి గదిలో, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ ఉండే చోటుకు మార్పించండి. కేబుళ్లు అందకపోతే జాయింట్లు వేసి పొడిగించవచ్చు, అరపూట పని.

కరెంటు పోయి వచ్చే ఆ క్షణంలోనే డిస్కులు ఎక్కువ దెబ్బతింటాయి. ఇన్వర్టర్ ఉన్నా అది అందుకునేలోపు డీవీఆర్ ఆగిపోవచ్చు. మీ ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటే అటు మార్చండి, తొందరగా అందుకుంటుంది. లేకపోతే 12 వోల్ట్ల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, డీవీఆర్‌కు ఒకటి, వైఫై రౌటర్‌కు ఒకటి. కొనేటప్పుడు ఆంపియర్లు అడాప్టర్‌తో సమానంగా ఉన్నాయో లేదో చూడండి.

కొత్త డీవీఆర్‌లో డిస్క్ పెట్టగానే ఫార్మాట్ చేయమని అడుగుతుంది, చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది. అందుకని పాత డిస్క్‌ను దీంట్లో పెట్టనివ్వకండి. కావలసినవి ఏమైనా ఉంటే పాత డీవీఆర్ నడుస్తుండగానే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి ఉండాలి, చాలా డీవీఆర్లు వేరేది చదవవు. పాత డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించి చూద్దామంటే కుదరకపోవచ్చు, చాలా కంపెనీల డీవీఆర్లు తమ సొంత పద్ధతిలో రాస్తాయి.

గడియారం ఇంటర్నెట్ నుంచి తానే సరిచూసుకునేలా ఎన్‌టీపీ ఆన్ చేయించండి, టైమ్ జోన్ 5:30 పెట్టించండి. ఇదేదో చిన్న విషయం అనిపిస్తుంది. కేసు దాకా వెళ్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డింగుతో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. రికార్డర్ ఆ సమయంలో సరిగ్గా పనిచేస్తోందని చెప్పాల్సి వస్తుంది. గడియారం మూడు గంటలు వెనక ఉంటే అవతలి లాయరుకు అదే మొదటి ప్రశ్న.

బిగించే రోజు మీరు కడపలో ఉండేలా చూసుకోండి. పాత డీవీఆర్ వెనక నుంచి వైర్లు తీసే ముందు ఒక్కోదానికి కాగితం ముక్క చుట్టి గేటు, వరండా, పెరడు, సందు అని రాయించండి. అన్నీ అయ్యాక అతన్ని వెంటనే పంపేయకుండా అరగంట ఉంచి, ఆ అరగంట రికార్డింగును ప్లేబ్యాక్‌లో చూపించమనండి, నాలుగు ఛానెళ్లలోనూ. తర్వాత రిమోట్‌నో మౌస్‌నో నాన్నగారి చేతికిచ్చి ఆయనతోనే తీయించండి. ఆ మెట్లు తెలుగులో ఒక కాగితం మీద రాసి డీవీఆర్ ఉన్న గది తలుపు లోపలి వైపు అంటించండి. నెలనెలా పింఛను పడిన రోజున ఆయన ముందు రోజు రాత్రిది ఒక్కసారి తెరిచి చూడాలి. పదిహేను రోజుల కిందటిది మీరు బెంగళూరు నుంచి ఫోన్‌లో తెరిచి చూడండి. బీప్ మళ్లీ మొదలైతే మోత ఆపవద్దని అమ్మగారికి చెప్పండి. ముందు మీకు ఫోన్ చేయమనండి.

ఇప్పుడున్న డీవీఆర్ వెనక వైపు ఫోటో ఒకటి, కెమెరా స్టిక్కర్ ఫోటో ఒకటి పెట్టండి. అడాప్టర్ మార్చి చూసిన ఫలితం కూడా రాయండి. ఆ మూడూ ఉంటే మీరు అనుకుంటున్న మోడల్ మీ ఇంటికి సరిపోతుందో లేదో చెబుతాను.